క్లచ్ బ్రాకెట్ గురించి అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి అన్నం తిన్నాక టీవీలో పెద్దవి చేసుకుని చూశాను. 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు, 289 ఘనపు అంగుళాల ఇంజిన్, పాత మూడు గేర్ల బాక్స్ దించేసి ఐదు గేర్ల టీ-5 ఎక్కిస్తున్నావు. మంచి పని. హెడర్లు, అంటే ఇంజిన్ పొగ గొట్టాలు, అడ్డం వచ్చి పెడల్‌ని క్లచ్‌కి కలిపే పాత జెడ్-బార్ పట్టడం లేదు కాబట్టి క్లచ్‌ని హైడ్రాలిక్ చేస్తానన్నావు, అంటే నూనె ఒత్తిడితో నడిపిస్తానన్నావు. అదీ బాగానే ఉంది. కానీ మూడో ఫొటోలో స్లేవ్ సిలిండర్‌ని, అంటే క్లచ్ ఫోర్క్‌ని తోసే సిలిండర్‌ని, బాడీ కింది ఫ్రేమ్ రైలుకి బిగించిన ఆ బ్రాకెట్ చూశాక నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఆ బ్రాకెట్ విప్పెయ్. ఇంజిన్, గేర్‌బాక్స్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటాయి. క్లచ్ వదిలి బండి కదిలించేటప్పుడు ఇంజిన్ ఒక పక్కకి ఒరుగుతుంది. క్లచ్‌ని విడదీసే మీట, అదే ఫోర్క్, కూడా దానితోపాటే ఒరుగుతుంది, బాడీకి బిగించిన సిలిండర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు నీ కాలు కదలకపోయినా క్లచ్ కొంచెం పడుతూ వదులుతూ ఉంటుంది, బండి గజగజ వణుకుతుంది. డిస్క్ పోయిందనుకుని మళ్లీ గేర్‌బాక్స్ దించుతావు. సిలిండర్ ఎప్పుడూ బెల్‌హౌసింగ్‌కే, అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనుండే గంట ఆకారపు పెట్టెకే ఉండాలి. బెల్‌హౌసింగ్‌ని ఇంజిన్‌కి పట్టే 7/16 అంగుళం బోల్టుల్లో పక్కపక్కనున్న రెండింటిని వాడుకో. ఒక్క బోల్టు మీద పెడితే బ్రాకెట్ దాని చుట్టూ తిరుగుతుంది. బ్రాకెట్ మందం ఎంతో పాత బోల్టు కన్నా అంత ఎక్కువ పొడుగుది తీసుకో, లేకపోతే లోపల పట్టే మరలు తగ్గిపోతాయి.

కొలత పట్టే ముందు ఇంకొకటి చూడు. నీ దగ్గరున్నది ఏ బెల్‌హౌసింగ్? పాత జెడ్-బార్ లింకేజీ ఫోర్క్ చివరని వెనక్కి తోస్తుంది. 80ల మస్టాంగ్‌లో కేబుల్ దాన్ని ముందుకి లాగుతుంది. టీ-5తో వచ్చిన బెల్‌హౌసింగే వాడుతుంటే, లాగే రకం సిలిండర్ కావాలి, లేదా మామూలు సిలిండర్‌ని ఫోర్క్ వెనక పెట్టి ముందుకి తోయించాలి. ఇది తేల్చుకోకుండా ఇనుము కోయకు. అన్నట్టు, ఫ్లైవీల్ కూడా టీ-5 వచ్చిన బండి నుంచే తెచ్చావా? నీ 289కి కావాల్సింది 28 ఔన్సుల బ్యాలెన్సుది, ఈ ఔన్సులు చక్రం మొత్తం బరువు కాదు, బ్యాలెన్సు కోసం ఒక పక్క ఉంచే తేడా. 1981 తర్వాతి 5 లీటర్ల ఇంజిన్‌ది 50 ఔన్సులది. తప్పుది పెడితే ఇంజిన్ వణుకుతుంది, ఆ వణుకు బేరింగులని తినేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. బ్రాకెట్ విరక్కుండా ఉంటే చాలని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి అది వంగకూడదు. లెక్క చూడు. పెడల్ నిష్పత్తి 6 అనుకుందాం. నీ కాలు 40 పౌండ్లతో తొక్కితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తోసే పై సిలిండర్) రాడ్ మీద 240 పౌండ్లు పడుతుంది. మాస్టర్, స్లేవ్ రెండూ 3/4 అంగుళం బోర్ అయితే అదే 240 పౌండ్లు ఫోర్క్ మీద, తిరిగి అంతే బలం నీ బ్రాకెట్ మీద. అంటే సుమారు 109 కిలోలు, తొక్కిన ప్రతిసారీ. పెడల్ 6 అంగుళాలు దిగితే స్లేవ్ రాడ్ కదిలేది 1 అంగుళమే. అందులో బ్రాకెట్ 1/8 అంగుళం వంగిందంటే ఎనిమిదో వంతు పోయినట్టే. క్లచ్ పూర్తిగా విడవదు, రివర్స్ వేస్తే గేరు కరకరలాడుతుంది. గొట్టంలో గాలి తీయడానికి ఎంత బ్లీడింగ్ చేసినా అది పోదు, ఎందుకంటే తప్పు గాలిది కాదు.

ప్లేటు వంగకుండా నిలబడే గుణం మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 3/16 అంగుళం బదులు 1/4 అంగుళం వాడితే దాదాపు 2.4 రెట్లు గట్టి. బోల్టుల నుంచి సిలిండర్ దాకా ఉన్న చెయ్యి పొడుగు సగం చేస్తే వంగడం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. కాబట్టి పొట్టిగా చెయ్యి, మందంగా చెయ్యి, మలుపు దగ్గర త్రికోణం ముక్క ఒకటి అడ్డంగా వెల్డ్ చెయ్యి. ఆ త్రికోణం లేకుండా ఎల్ ఆకారంలో వదిలేస్తే ఎంత మందం వాడినా మూల దగ్గర తెరుచుకుంటుంది.

నా మొదటి బ్రాకెట్ 1/8 అంగుళం యాంగిల్‌తో చేశాను. ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల పండగ జరుగుతుంది కదా, ఆ రద్దీలో వందసార్లు క్లచ్ తొక్కి ఉంటాను. ఉన్నట్టుండి పెడల్ నేలకి అతుక్కుపోయింది. నడి ఎండలో బండిని పక్కకి తోసుకుని కిందకి దూరి చూస్తే, లోపలి మూలలో రంపం వదిలిన గాటు దగ్గర పగిలి ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రి, లోపలి మూల దగ్గర ముందు డ్రిల్లుతో బెజ్జం వేసి అక్కడిదాకానే కోయమనేవాడు, అంచులు ఆకురాయితో గుండ్రంగా రుద్దించేవాడు. తొందరలో ఆ ఒక్కటే వదిలేశాను. నువ్వు వదలకు.

ఇనుము కోసే ముందు అట్టముక్కతో, తర్వాత పల్చటి చెక్కతో నమూనా చేసుకో. ఫోర్క్ చివర తిన్నని గీతలో కదలదు, వంపులో కదులుతుంది. పెడల్ సగం తొక్కినప్పుడు రాడ్ ఫోర్క్‌కి నిలువుగా, అంటే 90 డిగ్రీల్లో ఉండాలి. అప్పుడు రాడ్ రెండు వైపులా సమానంగా వాలుతుంది, పిస్టన్ పక్కకి ఒరుసుకోదు. గాలి వదిలే బ్లీడర్ నిపిల్ అన్నిటికన్నా పైన ఉండేలా సిలిండర్‌ని తిప్పి పెట్టు. వెల్డింగ్ చేసేటప్పుడు సిలిండర్ దానికి ఉండకూడదు, వేడికి లోపలి సీళ్లు పోతాయి. బండి మీదే చిన్న చుక్క వెల్డ్ (ట్యాక్) పెట్టాల్సి వస్తే ముందు బ్యాటరీ విప్పు. పూర్తి వెల్డ్ బల్ల మీద, బోల్టులతో బిగించి చెయ్యి. కింద దూరినప్పుడు జాక్ స్టాండ్లు ఉండాలి, ఒట్టి జాక్ మీద నమ్మకం పెట్టుకోకు.

స్లేవ్ పిస్టన్ సెట్ చేసేటప్పుడు చాలామంది తప్పు చేస్తారు. పెడల్ వదిలినప్పుడు పిస్టన్‌ని అడుగుకి ఆనించి పెట్టకు. డిస్క్ అరిగేకొద్దీ క్లచ్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్లు వెనక్కి జరిగి, బేరింగునీ ఫోర్క్‌నీ తోసి, పిస్టన్‌ని ఇంకా లోపలికి నెడతాయి. అక్కడ చోటు లేకపోతే క్లచ్ జారడం మొదలవుతుంది. మాస్టర్ రాడ్‌కి కూడా చిటికెడు ఖాళీ ఉంచు. అది లేకపోతే నూనె రిజర్వాయర్‌కి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం తెరుచుకోదు, వేడికి నూనె పొంగి క్లచ్‌ని తనే తొక్కిపెడుతుంది. పెడల్‌కి కింద ఒక స్టాప్ పెట్టు, ఎక్కువ తొక్కితే డయాఫ్రమ్ వేళ్లు దెబ్బతింటాయి. డాష్ కింద పెడల్‌కున్న పెద్ద స్ప్రింగు తీసెయ్, డయాఫ్రమ్ క్లచ్‌తో అది పెడల్‌ని పైకి రానివ్వదు.

హెడర్ వేడి క్లచ్ నూనె గొట్టానికి తగలకుండా మధ్యలో రేకు అడ్డం పెట్టు. డాట్ 3 రకం నూనె కొత్తది 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక 140కే మరిగిపోవచ్చు.

అన్నీ బిగించాక అదే 240 పౌండ్లు ఇంజిన్‌కీ సీట్లకీ మధ్యనున్న ఫైర్‌వాల్ రేకుని కూడా తోస్తాయని గుర్తుంచుకో. ఆ కారు రేకు పల్చన. మాస్టర్ వెనక ఒక మందపాటి ప్లేటు వెయ్యి. సన్నటి కదలిక కొలిచే డయల్ గేజ్ నా దగ్గర రెండున్నాయి, ఒకటి నిన్న పోస్టులో పంపాను. దాని అయస్కాంతం కాలు ఇంజిన్ బ్లాక్ మీద పెట్టు, బెల్‌హౌసింగ్ అల్యూమినియం కాబట్టి అంటుకోదు. ముల్లు స్లేవ్ బ్రాకెట్ చివరకి తగిలించి, మీ అమ్మని సీట్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కమను. 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 20) దాటి కదిలితే మళ్లీ చెయ్యాలి. తర్వాత ఫైర్‌వాల్ దగ్గర కూడా అలాగే చూడు. రెండు అంకెలూ రాసి నాకు పంపు.

మామయ్య