మొదలుపెట్టాలంటేనే భయమేస్తోంది, ఏం చేయాలి?

ముఖ్యమైన పని అని తెలిసీ రోజూ వాయిదా వేస్తున్నానని అడిగారు కదా. నాకూ నాలుగేళ్లు అదే జబ్బు.

మాది కోనసీమలో పి.గన్నవరం దగ్గర ఊరు. రైసుమిల్లులో లెక్కలు రాస్తాను. అమ్మ పుట్టిల్లు గోదావరి మధ్యనున్న లంకలో. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆ రాత్రి లంకలో ఎవరేం చేశారో పెద్దవాళ్లనడిగి రాయాలని నా కోరిక. అమలాపురంలో మంచి నోటుబుక్కు కొన్నాను. ఫోన్లో తెలుగు టైపింగ్ నేర్చుకున్నాను. ముందు గోదావరి చరిత్ర తెలియాలి కదా అని ధవళేశ్వరం మ్యూజియం చూసొచ్చి, ఆనకట్ట గురించి చదవడం మొదలెట్టాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టేశాడు. ఆ సంగతి చదవడానికే నాకు రెండేళ్లు పట్టింది! అదంతా పని కాదు, పని తప్పించుకోవడమని ఇప్పుడు తెలుస్తోంది.

అసలు భయం మొదటి వాక్యం దగ్గర. అది బాగోకపోతే అంతా పాడైపోతుందని.

ఒక జూలైలో బాబాయి నారుమడి దగ్గర ఉన్నాను. "ఏరా, రాశావా?" అన్నాడు. "ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు బాబాయ్" అన్నాను. "నారు ఇక్కడే ఉంచేస్తామేంటి? పీకి అవతల నాటతాం కదా" అని మళ్లీ పనిలో పడ్డాడు.

ఎకరానికి ఐదు సెంట్ల నారుమడి చాలు. విత్తనాలు నానబెట్టి, మొలకెత్తేదాకా మండె కట్టి (మూటకట్టి ఉంచి), మొలకలు చల్లేస్తారు. ఏ మొక్క ఏ మూల పడిందని ఎవరూ చూడరు, ఎలాగూ పాతిక రోజుల్లో పీకేసేదే.

ఆ రాత్రే, గేదెల పలుపులు కోసి వదిలేసి డాబా ఎక్కిన అత్తయ్య మాటలు పది లైన్లు రాశాను. మొదలు కాదు, మధ్యలోది. ఘోరంగా వచ్చింది. పాతిక రోజులు వెనక్కి తిప్పి చదవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఇదొక్కటే నాకు పనిచేసిన చిట్కా. పొద్దున్నే లేవడం, టైంటేబులు అన్నీ వారం ముచ్చటే. తర్వాత పీకి నాటాను. ఆ పది లైన్లలో ఇప్పుడు మిగిలింది మూడే, అవీ పదిహేడో పేజీలో ఉన్నాయి.

నారు నాటకుండా ముదిరిపోతే దుబ్బుకి పిలకలు తగ్గుతాయి, ఈ సంగతి కూడా చెప్పాలి. నేను అడగాలనుకున్న వాళ్లలో ఇద్దరు ఆ నాలుగేళ్లలోనే పోయారు. వాళ్ల పడవ కథ ఇక నాకు సగమే తెలుసు.

భయం పోయిందా అంటే లేదండి. నిన్న కూడా నోటుబుక్కు తెరిచే ముందు రెండుసార్లు టీ పెట్టుకున్నాను. ఇంతకీ మీ పనేమిటో రాయలేదు. చెబితే, అందులో ఐదు సెంట్లు ఏవో చూద్దాం.