ఫిల్మ్ కెమెరా కొనేముందు

చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

డిజిటల్‌లో అంతా మార్చేస్తారు, కళ లేదని, ఫిల్మ్ కెమెరా కొంటానని రాశావు. కొనుక్కో, కాదనను. ఆ కారణంతో మాత్రం వద్దు.

ఫిల్మ్ మీద ఉన్నది ఉన్నట్టే వచ్చేదని నీకెవరు చెప్పారో గానీ, మా స్టూడియోలో టచింగ్ పనే పెద్ద పని. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగటివ్ మీదే మచ్చలు, ముడతలు మాయం చేసేవాళ్లం. టచింగ్ లేని పెళ్లికూతురి ఫోటో ఇస్తే గొడవే! అంతెందుకు, 1857లోనే రెయ్‌లాండర్ అనే ఫోటోగ్రాఫర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే చిత్రం చేశాడు. దాని ప్రతిని విక్టోరియా రాణి కొనుక్కుంది. ఇటు మన దేశంలో ఏళ్ల తరబడి ఫిల్మ్ మీద తీసిన పేరున్న ఫోటోగ్రాఫర్ రఘు రాయ్ 2003 ప్రాంతంలో డిజిటల్‌కి మారిపోయారు.

పనిలో తేడా మాత్రం ఉంది. వెలుగు కాస్త ఎక్కువైనా నెగటివ్ ఓర్చుకుంటుంది, నీడకి చాలకపోతే అక్కడ ఏమీ మిగలదు. డిజిటల్‌ది దీనికి రివర్సు. వెలుగు ఎక్కువై తెలుపులో వివరాలు పోతే మళ్లీ రావు, నీడలోంచి మాత్రం రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ముడి ఫైల్) ఉంటే బోలెడు లాగొచ్చు. అందుకని మన ఎండలో పంచె కట్టిన తాతని తీస్తే, ఫిల్మ్‌కి నీడ చూసి, డిజిటల్‌కి పంచె చూసి ఎక్స్‌పోజర్ పెట్టు.

రీలు ల్యాబ్‌లో కడిగించి, స్కాన్ చేయించి ఫోన్‌లో చూసుకునేట్టయితే చివరికి నీ చేతికొచ్చేది డిజిటల్ ఫైలే. దానికి ఇంత ఖర్చెందుకు? అసలు మజా ప్రింట్ వేయడంలో ఉంది. ఎర్ర బల్బు కింద, నెగటివ్‌ని పెద్దది చేసి ప్రింట్ కాగితం మీద వేసే ఎన్లార్జర్ వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టి మొహం నల్లబడకుండా కాయడం, ఆకాశానికి ఇంకొన్ని సెకన్లు ఇచ్చి ముదురు చేయడం. ఫోటోషాప్‌లో డాడ్జ్, బర్న్ అంటున్నవి ఇవే. చేత్తో చేస్తే రెండు ప్రింట్లు అచ్చం ఒకేలా రావు. బాత్రూమ్‌ని డార్క్‌రూమ్ చేసుకునే ఓపిక ఉంటేనే దిగు. (ముందు అమ్మనడుగు, ప్రింట్లు కడిగే మందుల వాసన ఊరికే పోదు.) నలుపు తెలుపుతో మొదలుపెట్టు, కలర్ పేపరుకి ఆ ఎర్ర బల్బు కూడా పనికిరాదు.

ఓపిక లేదంటావా, ఉన్న కెమెరాతోనే తియ్యి. ఫిల్మ్ రీలులో లాగా ముప్పై ఆరు తీసి ఆపెయ్యమని అందరూ అంటారు, నేననను. ఎన్నైనా తియ్యి. నెలకొకటి ఏరి పెద్ద ప్రింట్ వేయించి గోడకి పెట్టు. ఏరడమే కష్టం, చూస్తావుగా.

పాత కెమెరా కొనేట్టయితే లెన్స్‌లోకి టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూసుకో. ఎన్లార్జర్ కొనకు, మాది అటక మీదే ఉంది. బల్బు మార్చుకోవాలి, అంతే.

పెదనాన్న