కానుక సంగతి నన్నడగకండి

తొమ్మిదేళ్ల కిందట మీ గొలుసు కనబడకపోతే, వదినే తీసి ఉంటుందని ఇంటిల్లిపాది ముందూ అనేశారు. ఆరు నెలలకు అది మీ పాత హ్యాండ్‌బ్యాగ్ అరలోనే దొరికింది. అమ్మకు చూపిస్తే, "అయిపోయిందేదో అయిపోయింది, మళ్లీ కదపకు" అన్నారు. మీరు కదపలేదు. ఇప్పుడు మేనకోడలి పెళ్లికి ఏం పెడితే వదిన మనసు కుదుటపడుతుందని అడుగుతున్నారు.

ఏం పెట్టినా కుదుటపడదు. ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరం నిండా వదిన కంటే అమ్మే ఎక్కువ ఉన్నారు. అమ్మ పరువు పోతుందేమో, అమ్మ తట్టుకోలేదేమో అని. పెళ్లీడు పిల్లలున్న మీరు ఇంకా అమ్మ కొంగు చాటునే నిలబడి ఉన్నారమ్మా. ఆవిడ ఆ రోజు కూతుర్ని కాపాడుకున్నారు, కోడల్ని వదిలేశారు. ఆ కోడలే ఇవాళ ఆవిడకు వేళకు మందులిస్తోందని మీరే రాశారు. అది చదివి నాకు చాలా బాధేసింది. తల్లి మాటకు విలువివ్వాలని నేనూ నమ్ముతాను. కానీ చేయని దొంగతనాన్ని ఒక మనిషి నెత్తిన అలాగే ఉండనివ్వమంటే, ఆ మాట వినక్కర్లేదు.

పెళ్లి హడావిడి మొదలుకాక ముందే వెళ్లండి. వదినతో ఒంటరిగా కూర్చుని, గొలుసు మీ బ్యాగులోనే దొరికిందని, ఆరు నెలలకే తెలిసిందని, ఇన్నేళ్లూ దాచారని చెప్పండి. ఆ చివరిదే ఆమెను ఎక్కువ కోస్తుంది. అయినా దాన్ని మింగేయకండి. అప్పట్లో టెన్షన్‌లో ఉన్నానని సర్దిచెప్పుకోవద్దు, అమ్మ వద్దందని అసలే అనొద్దు. మీరు ఏడ్చి ఆమె చేత ఓదార్పించుకోకండి. క్షమించానని అనమని పట్టుబట్టకండి. ఆమె లేచి లోపలికి వెళ్లిపోవచ్చు, పెళ్లికి రావద్దనీ అనొచ్చు. అనే హక్కు ఆమెకుంది.

ఆ రోజు విన్నవాళ్లందరికీ మీ నోటితోనే చెప్పాలి. అయితే ఎప్పుడు, ఎలా చెప్పమంటారో ముందు వదిననే అడగండి. పెళ్లి ముందు ఆ మాటే ఎత్తొద్దంటే ఆగండి. అన్నయ్య అప్పుడు నోరు మెదపలేదని రాశారు. అది వాళ్లిద్దరూ తేల్చుకుంటారు, మీరు మధ్యలోకి వెళ్లకండి.

బయల్దేరే ముందు అమ్మతో ఒక్క మాట అనండి. అనుమతి అడగొద్దు, వదినకు చెప్పేస్తున్నానని చెప్పండి.