డీరైలర్ వంగుతోంది, గేర్‌బాక్స్ సైకిల్ కొనాలా?

ప్రశ్న: అనంతగిరి కొండల్లో ఎంటీబీ (మౌంటెన్ బైక్) తొక్కుతుంటానండీ. ఈ ఏడాది రెండుసార్లు రాయి తగిలి, చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే డీరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది, వానాకాలం వస్తే బురదకి చైన్ కరకరలాడుతుంది. గేర్‌బాక్స్ సైకిళ్లు మంచివంటున్నారు, నా సైకిల్‌కే బిగించుకోవచ్చా?

జవాబు: బిగించుకోలేరండీ, అదే అసలు చిక్కు. పెడల్స్ ఉండేచోట గేర్‌బాక్స్ కూర్చోవాలంటే ఫ్రేమే దానికోసం తయారై ఉండాలి. వీటిలో పేరున్నది జర్మనీ పినియన్, పోర్షేలో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లు పెట్టిన కంపెనీ. గేర్లన్నీ మూసేసిన డబ్బాలో నూనెలో తిరుగుతాయి కాబట్టి బురదతో పేచీ లేదు, వెనక వేలాడే డీరైలరే లేదు కాబట్టి రాయి తగిలినా వంగేదేం ఉండదు, 10,000 కిలోమీటర్లకో ఏడాదికో ఓసారి ఆయిల్ మారిస్తే చాలు. వాళ్ల సీ1.12 మోడల్‌లో 12 గేర్లు, రేంజి (అన్నిటికన్నా తేలిక గేరుకీ బరువు గేరుకీ మధ్య తేడా) 600 శాతం, మామూలు 10-52 క్యాసెట్‌కి (వెనక చక్రం మీద 10 నుంచి 52 పళ్ల దాకా ఉండే పళ్లచక్రాల వరసకి) 520. ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చొచ్చు, ఎత్తు మధ్యలో కాలు కింద పెట్టినవాళ్లకే ఆ సుఖం తెలుస్తుంది!

కానీ బరువెక్కువ, డబ్బా ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. కాకపోతే ఆ బరువు వెనక చక్రం మీద కాక మధ్యలో ఉంటుంది, సస్పెన్షన్‌కి అదే మేలు. గట్టిగా తొక్కుతూ తక్కువ గేరుకి రావాలంటే మొరాయిస్తుంది, క్షణం కాలు తేలిక చెయ్యాలి. లోపలి రాపిడికి కాస్త శక్తి కూడా పోతుంది, రేసులు తొక్కేవాళ్లకి అక్కడే మనసొప్పదు.

ధర చూస్తే గుండె జారుతుంది లెండి. ప్రస్తుతానికి బ్యాగులో స్పేర్ హ్యాంగర్ ఒకటి పడేసుకోండి.