టెస్లా కార్డు గురించి రాస్తున్న చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. సర్వర్లలో లెక్కల కోసం వాడి తీసేసిన ఎన్విడియా టెస్లా ఎం40 గ్రాఫిక్స్ కార్డు కొని, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో పెట్టి గేములు ఆడించావు. రాసిన ప్రతి ముక్కా నువ్వు చేసి చూసిందే అని చదువుతుంటేనే తెలిసిపోతోంది. కార్డు చేత్తో పట్టుకోకుండానే పేజీలు నింపేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు అలా మొదలుపెట్టలేదు. అందుకే ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఇలాంటి వ్యాసం చదివేవాడు చదివి పక్కన పడేయడు. నీ వాక్యం చదువుతూనే స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల కిందట నేను టెస్లా కె80 మీద ఒక వ్యాసం రాశాను. అందులో "కార్డుకు 8 పిన్ పవర్ కేబుల్ ఇవ్వాలి" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. ఏ 8 పిన్నో రాయలేదు. ఆ తేడా నాకు తెలుసు, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. ఒక కుర్రాడు పార్ట్‌టైమ్ పని చేసి దాచుకున్న డబ్బుతో కార్డు కొన్నాడు. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్‌లో గ్రాఫిక్స్ కార్డు కోసం ఉన్న కేబుల్ తీసి, సరిగ్గా దిగకపోతే కాస్త గట్టిగా నొక్కాడు. కార్డు మళ్లీ లేవలేదు. "సార్, మీరు రాసినట్టే చేశాను" అని నాకు మెసేజ్ పెట్టాడు. అందులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నీ వ్యాసంలో ఆ కేబుల్ సంగతి ఏడో పేరాలో ఉంది. దాన్ని పైకి తీసుకురా. ఎం40, పీ40, కె80 కార్డులకు పెట్టాల్సింది మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు ఇచ్చే 8 పిన్ కేబుల్. మామూలు గ్రాఫిక్స్ కార్డు 8 పిన్ చూడటానికి అలాగే ఉంటుంది కానీ, 12 వోల్టుల వరుస, గ్రౌండ్ వరుస తారుమారుగా ఉంటాయి. ఎస్ఎంపీఎస్‌లో ప్రాసెసర్ కేబుల్ రెండోది ఖాళీగా ఉంటే నేరుగా అదే పెట్టొచ్చు. లేకపోతే రెండు గ్రాఫిక్స్ కేబుళ్లను కలిపి ఒక్క ప్రాసెసర్ 8 పిన్‌గా మార్చే అడాప్టర్ కావాలి. ఈ నాలుగు మాటలూ, పక్కన రెండు కనెక్టర్ల ఫొటో. ఇంత రాసి ఉంటే ఆ కుర్రాడి కార్డు బతికేది.

ఇక పేరు. "తక్కువ ఖర్చులో 24 జీబీ గేమింగ్ కార్డు" అని పెట్టావు. ఆ 24 అంకె చదివేవాడిని లాగుతుంది, నిజమే. కానీ అది గేమింగ్ గురించి చెప్పేది చాలా తక్కువ. ఎం40లో ఉన్నది 2015 నాటి మాక్స్‌వెల్ చిప్, 3072 కోర్లు. అదే ఏడాది వచ్చిన జీటీఎక్స్ టైటాన్ ఎక్స్ అనే గేమింగ్ కార్డులోనూ అదే చిప్, అవే కోర్లు. పైగా టెస్లాలో మెమరీ కాస్త నిదానం. సెకనుకు 288 జీబీ, టైటాన్‌లో 336. అంటే నీ పాఠకుడు కొంటున్నది 2015 నాటి మంచి గేమింగ్ కార్డు పాటి వేగం, దానికి రెట్టింపు మెమరీ. గేములకు ఆ మెమరీలో ఎక్కువ భాగం ఖాళీగానే పడి ఉంటుంది. ఈ మాట మొదటి పేరాలోనే చెప్పు. కె80 అయితే ఇంకా ఘోరం. దాని మీద రాసే 24 జీబీ అసలు ఒక్కటి కాదు, ఒకే కార్డు మీద రెండు చిప్‌లు, ఒక్కోదానికి 12 జీబీ. గేము వాటిలో ఒక్క చిప్‌నే వాడుకుంటుంది. ఖరీదైన కార్డయితే గేముకూ గొప్పగా ఉంటుందనే భ్రమ కూడా చాలామందికి ఉంది. ఏఐ సర్వర్లలో వాడే ఎన్విడియా హెచ్100 పూర్తి చిప్‌లో టీపీసీలనే విభాగాలు 72 ఉంటే, ఆ కార్డుల్లో గ్రాఫిక్స్ పని చేయగలిగేవి రెండంటే రెండు. ఈ ఒక్క సంగతి చాలు, లెక్కల కోసం కట్టిన కార్డుకూ ఆట కోసం కట్టిన కార్డుకూ తేడా పాఠకుడి మనసులో నిలిచిపోతుంది. మూడు పేరాల చరిత్ర తీసేసి దీన్ని పెట్టు.

వ్యాసం వరసను కూడా మార్చమంటాను. నువ్వు కంపెనీ చరిత్రతో మొదలుపెట్టి, చిప్ దగ్గరికి వచ్చి, ఆ తర్వాత బిగించడం చెప్పావు. పాఠకుడి చేతులు ఏ వరసలో కదులుతాయో ఆ వరసలో రాయి. డబ్బు కట్టక ముందు వాడు చూసుకోవాల్సిన మొదటి విషయం తన ప్రాసెసర్. ఈ టెస్లా కార్డులకు వెనక హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లే పోర్టూ ఉండదు. బొమ్మ మదర్‌బోర్డు పోర్టు నుంచే రావాలి, అంటే ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండాలి. మన దగ్గర బడ్జెట్ పీసీ కట్టించుకున్నవాళ్లలో చాలామంది దగ్గర ఇంటెల్ 12400ఎఫ్ లాంటివే ఉంటాయి. ఆ చివరి ఎఫ్ అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేదని. అలాంటివాడు ఈ కార్డు కొంటే తెర నల్లగానే ఉంటుంది, బొమ్మ కోసం ఇంకో చిన్న కార్డు వెతుక్కోవాలి. ఈ మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంది కాబట్టి నీకు తట్టలేదు. మనకు సాఫీగా జరిగిపోయిన చోటే రాయడం మర్చిపోతాం. రాసే ముందు ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, నాకు ఇది ఎందుకు ఇబ్బంది పెట్టలేదు అని అడుగు.

తర్వాతది బయోస్, అంటే విండోస్ కన్నా ముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు. "అబవ్ 4జీ డీకోడింగ్" ఆన్ చేయాలని రాశావు, బాగుంది. అది లేని పాత మదర్‌బోర్డుల్లో ఏం జరుగుతుందో కూడా రాయి. ఒక్కోసారి కంప్యూటర్ అసలు ఆన్ కాదు. ఒక్కోసారి ఆన్ అయినా డివైజ్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 12 కనిపిస్తుంది. ఆ కోడ్ చూసినవాడు కార్డు పాడైందనుకుని అమ్మినవాడితో గొడవ పెట్టుకుంటాడు. అసలు తప్పు కార్డుది కాదు, అంత పెద్ద మెమరీకి అడ్రసు ఇవ్వలేకపోయిన బోర్డుది. పాఠకుడు భయపడే క్షణం ఎక్కడ వస్తుందో అక్కడ నువ్వు పక్కన ఉండాలి.

డ్రైవర్ దగ్గర నువ్వు "చిన్న రిజిస్ట్రీ మార్పు చేస్తే సరిపోతుంది" అని ఒక్క మాటలో తేల్చేశావు. ఆ మాట దగ్గరే సగం మంది ఆగిపోతారు. విండోస్‌లో టెస్లా కార్డులు మామూలుగా టీసీసీ అనే మోడ్‌లో ఉంటాయి. ఆ మోడ్‌లో అది లెక్కలు చేసే యంత్రం మాత్రమే, గేములకు కావలసిన డైరెక్ట్ఎక్స్ నడవదు. దాన్ని మామూలు గ్రాఫిక్స్ కార్డులు నడిచే డబ్ల్యూడీడీఎం మోడ్‌కు తేవాలి. ఆ తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఒక్కో గేముకు ఏ కార్డు వాడాలో ఎంచుకోవాలి. విండోస్ 10లో ఆ సౌకర్యం 2018లో వచ్చింది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే ఆ రిజిస్ట్రీలో ఏ కీ మార్చావు, ముందు విలువ ఎంత, తర్వాత ఎంత, బ్యాకప్ ఎలా తీశావు, అన్నీ అక్షరం పొల్లుపోకుండా రాయి. అలాగే నువ్వు వాడిన డ్రైవర్ నంబరు. ఎం40లోని మాక్స్‌వెల్, పీ40లోని పాస్కల్ చిప్‌లకు 580 సిరీస్ డ్రైవర్లే చివరివి. రెండేళ్ల తర్వాత నీ వ్యాసం చదివేవాడికి ఆ నంబరే ఆధారం.

చల్లదనం గురించి నువ్వు రాసిన భాగం నాకు బాగా నచ్చింది. కార్డుకు సొంత ఫ్యాన్ లేదనీ, సర్వర్ ముందు నుంచి వెనక్కి గాలి తోసే ఫ్యాన్ల మీదే అది ఆధారపడుతుందనీ, మామూలు క్యాబినెట్‌లో ఆ గాలి దొరకదనీ చక్కగా చెప్పావు. అట్టముక్కతో గొట్టం చేసి బ్లోయర్ బిగించిన సంగతి చదువుతుంటే నీ పక్కనే కూర్చుని చూసినట్టుంది. అయితే 68 డిగ్రీలు అని రాశావే, అది ఏ నెలలో? గదిలో ఎంత ఉంది? నువ్వు డిసెంబర్‌లో కొలిచావు. అదే కార్డు మే నెలలో రెంటచింతలలో ఒక కుర్రాడి గదిలో ఎలా ఉంటుందో ఆలోచించు. గది ఉష్ణోగ్రత రాయకపోతే కార్డు ఉష్ణోగ్రతకు అర్థం లేదు. అరగంట ఆడాక కొలిచిన అంకె రాయి, మొదటి ఐదు నిమిషాలది కాదు. బ్లోయర్ చప్పుడు కూడా నిజాయితీగా రాయి. ఒకే గదిలో తమ్ముడు చదువుకుంటూ ఉంటే అది పెద్ద సమస్య. ఇంకోటి, కార్డే పదిన్నర అంగుళాలు, దానికి ముందు నీ గొట్టం, బ్లోయర్. క్యాబినెట్‌లో టేపు పెట్టి కొలుచుకోమని కొనే ముందే చెప్పాలి.

ఫ్రేముల లెక్క ఒకే సగటుగా ఇచ్చావు. ఏ రిజల్యూషన్‌లో, ఏ సెట్టింగ్‌లో అన్నది లేకుండా అది ఎవరికీ పనికిరాదు. అన్నిటికన్నా తక్కువకు పడిపోయిన క్షణం కూడా చెప్పాలి. బొమ్మ టెస్లాలో తయారై, స్లాట్ గుండా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు కాపీ అయి, అప్పుడు తెర మీదకు వస్తుంది. ఆ ప్రయాణంలో కొంత వేగం పోతుంది. కాబట్టి టైటాన్ ఎక్స్ పాత అంకెలు తెచ్చి పక్కన పెట్టకు, నీవే కొలువు. నడవని గేములూ రాయి. 2024లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్‌కు హార్డ్‌వేర్ రే ట్రేసింగ్, అంటే వెలుతురూ నీడలూ లెక్కగట్టే ప్రత్యేక భాగం చిప్‌లో ఉండటం తప్పనిసరి, ఈ కార్డులో అది లేదు. అలాంటి గేము కోసమే పీసీ కట్టుకుంటున్నవాడు ఆ ఒక్క వాక్యం చదివి డబ్బు మిగుల్చుకుంటాడు.

ఖర్చు దగ్గర కార్డు ధర ఒక్కటే రాశావు. అడాప్టర్, బ్లోయర్, విదేశం నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్, సరిపోకపోతే కొత్త ఎస్ఎంపీఎస్, అన్నీ కలిపి ఒక్క మొత్తం వెయ్యి, పక్కన తేదీ వెయ్యి. కరెంటు కూడా. ఈ కార్డు 250 వాట్లు. పూర్తి లోడు మీద గంటకు పావు యూనిట్, రోజూ నాలుగు గంటలు ఆడితే నెలకు 30 యూనిట్లు. మన ఇళ్లలో బిల్లు స్లాబుల మీద నడుస్తుంది కాబట్టి ఆ 30తో స్లాబు దాటితే నాన్న అడుగుతారు.

ఆ మొత్తం పక్కనే, అదే డబ్బుకు దొరికే పాత గేమింగ్ కార్డు పేరు కూడా రాయమంటాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక్క గేముల కోసమే అయితే, వెనక పోర్టులున్న సెకండ్‌హ్యాండ్ గేమింగ్ కార్డు కొనుక్కోవడమే మేలు. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాడికో, ఇంట్లోనే చాట్‌జీపీటీ లాంటి భాషా మోడళ్లు నడిపి చూడాలనుకునేవాడికో ఆ 24 జీబీ నిజంగా అక్కరకొస్తుంది, వాడు సాయంత్రం గేమూ ఆడుకుంటాడు. వాడి కోసం ఈ వ్యాసం బంగారం. నువ్వు నాతో ఏకీభవించకపోయినా ఫర్వాలేదు, నీ అభిప్రాయం మాత్రం అంతే సూటిగా రాయి. "మీ అవసరాన్ని బట్టి నిర్ణయించుకోండి" అన్న చివరి వాక్యం కొట్టేశాను. అవసరాన్ని బట్టి ఎలా నిర్ణయించుకోవాలో తెలియకే వాళ్లు నీ దగ్గరికి వస్తారు.

భాష సంగతి ఒక్క ముక్క. "గణన త్వరణ పత్రం" అని ఒకచోట రాశావు. తెలుగు మీద నీకున్న ప్రేమ నాకు అర్థమైంది. కానీ సికింద్రాబాద్ సీటీసీలో ఏ కంప్యూటర్ కొట్టుకు వెళ్లి ఆ మాట అడిగినా ఎవరికీ తెలియదు. "టెస్లా కార్డు" అంటే తెలుస్తుంది. కంపెనీ ఆ పేరు మానేసినా అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దాన్నే వాడుతున్నారు. కారు అనుకుంటారేమో అని సందేహమైతే మొదటిసారి "సర్వర్లలో వాడే ఎన్విడియా టెస్లా కార్డు" అని రాసి వదిలేయి. నీ ప్రేమంతా వాక్యం నడకలో చూపించు. బ్లోయర్ పేరా రాసినట్టే మిగతావీ రాయి.

తిరగరాసిన ప్రతిని ఈ ఆదివారంలోగా పంపగలిగితే పంపు. దానితో పాటు ఆ రెండు కనెక్టర్ల ఫొటో, పగటి వెలుతురులో, పసుపు తీగలు నల్ల తీగలు విడివిడిగా కనిపించేలా తీసి పంపు. వ్యాసం కన్నా ముందు ఆ ఫొటోనే చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య