ముందు ఆవిణ్ణి బట్టలు ఉతకనివ్వు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. అమెరికాలో కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కోచ్ ప్యాట్ సమ్మిట్ గురించి తెలుగులో ఇంత పెద్దగా రాసిన వాళ్లని నేను చూడలేదు. భాష శుభ్రంగా ఉంది. మెచ్చుకోవడం ఇక్కడితో అయిపోయింది.

మొదటి వాక్యం దగ్గరే నాకు ఒళ్లు మండింది. "2011 ఆగస్టులో ఆ వార్త విని అమెరికా నివ్వెరపోయింది" అని ఎత్తుకున్నావు. అల్జైమర్స్ జబ్బు. వెంటనే రెండో పేరాలో 1,098 విజయాలు, ఎనిమిది జాతీయ టైటిళ్లు, ఒలింపిక్ బంగారం అన్నీ కుప్ప పోశావు. మూడో పేజీకి గానీ ఆవిడ పుట్టలేదు. ఎలా గెలిచిందో, ఎలా పోయిందో ముందే తెలిసిపోయాక మిగతా పది పేజీలు నేనెందుకు చదవాలి? నీ మీద అభిమానం కొద్దీ చదివాను. పాఠకుడికి ఆ అభిమానం ఉండదు.

నాలుగో పేజీ మధ్యలో ఒక వాక్యం దొరికింది. "తొలి రోజుల్లో యూనిఫాంలు ఆమే ఉతికేది, వ్యాను ఆమే నడిపేది." అక్కడ ఆగిపోయాను. ఆ వాక్యం లేకపోతే నీకు రెండు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. కానీ దాని పక్కనే "ఆ అంకితభావమే ఆమెను శిఖరాలకు చేర్చింది" అని రాసి దాని గొంతు పిసికేశావు. బట్టలు ఉతికితే శిఖరాలెక్కేట్టయితే మన ఊళ్లలో సగం మంది ఆడవాళ్లు ఈపాటికి అక్కడే ఉండాలి.

నేను పట్టుకుని వేలాడే మాట ఒకటే ఉంది, నన్ను ఎరిగిన వాళ్లందరికీ అది విని విని విసుగొచ్చింది. జీవితం జరిగిన వరసలోనే రాయాలి. రేపు ఏమవుతుందో ఆ మనిషికి తెలియనప్పుడు నువ్వు పాఠకుడి చెవిలో చెప్పకూడదు. ఇప్పుడంతా సినిమా పద్ధతి కదా, క్లైమాక్స్ చూపించి ఫ్లాష్‌బ్యాక్‌లోకి పోవడం. వ్యాసానికి అది పనికిరాదు. వస్తుందని వాదించేవాళ్లు నా దగ్గరికి రావద్దు.

1974 తీసుకో. ఆవిడకి 22 ఏళ్లు. నాక్స్‌విల్‌లోని టెనెసీ యూనివర్సిటీకి పీజీ చదువుకుంటూ అసిస్టెంటుగా పనిచేద్దామని వచ్చింది. ఉన్న కోచ్ వెళ్లిపోయేసరికి టీమ్ మొత్తం ఈవిడ నెత్తిన పడింది. జీతం నెలకి 250 డాలర్లు. టీమ్‌లో కొందరు తనకంటే ఒక్క ఏడాది చిన్న. యూనిఫాంలు అంతకు ముందేడు డోనట్లు అమ్మగా వచ్చిన డబ్బుతో కొన్నవి. ఒకసారి పొరుగూరి మ్యాచ్‌కి వెళ్లి, ముందు రాత్రి అవతలి టీమ్ వాళ్ల జిమ్‌లోనే మ్యాట్ల మీద పడుకున్నారు. ఇవి కాక తన చదువు, పిల్లలకి చెప్పాల్సిన క్లాసులు, దెబ్బతిన్న మోకాలు బాగుచేసుకుని 1976 ఒలింపిక్స్‌లో ఆడాలన్న పట్టుదల. మొదటి మ్యాచ్‌లో మెర్సర్ యూనివర్సిటీ చేతిలో ఓడిపోయారు, 84-83. ఒక్క పాయింటు.

ఆ చలికాలం యూనిఫాంలు ఉతుక్కుంటున్న పిల్ల దగ్గర ఎనిమిది టైటిళ్లు ఉన్నాయా? ఒక్కటీ లేదు. తను ఈ ఉద్యోగానికి పనికొస్తానా అన్న టెన్షన్ ఉండి ఉంటుంది. ఆ పిల్లని నాకు చూపించు. తర్వాత పెద్దదైన ప్యాట్ సమ్మిట్‌ని నేనే చూసుకుంటాను.

టైటిల్ నైన్ చట్టానికి ఒక పేజీ కేటాయించావు. 1972లో వచ్చింది, ప్రభుత్వ సొమ్ము తీసుకునే చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదంది, అంతా సరే. అది పాఠ్యపుస్తకంలా ఉంది. చట్టం వచ్చి రెండేళ్లయినా అమ్మాయిలు డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్న యూనిఫాంలే వేసుకున్నారని రాయి, చట్టం ఎంత దూరం వచ్చిందో అదే చెబుతుంది. అన్నలు ఆటల స్కాలర్‌షిప్ మీద కాలేజీలో చదివితే, అదే ఇంటి పిల్ల అయిన ఈవిడకి అమ్మానాన్నలు ఫీజు కట్టాల్సి వచ్చింది. ఈ ముక్క నీ దగ్గర ఉంది కూడా, ఎక్కడో బ్రాకెట్లో పడేశావు.

అసలు నువ్వు వదిలేసింది ఇంకొకటుంది. అప్పట్లో టెనెసీ హైస్కూళ్లలో ఆడపిల్లలు ఆడేది ఆరుగురి ఆట. ముగ్గురు ఒక సగంలో, ముగ్గురు ఇంకో సగంలో. మధ్య గీత దాటకూడదు. డిఫెన్స్ వైపు పడిన పిల్ల స్కూలు వదిలేదాకా ఒక్క బుట్ట కూడా వెయ్యకుండా ఆడాలి. ఆడపిల్లలు కోర్టంతా పరిగెత్తితే అలిసిపోతారని పెద్దల బెంగ. అలా సగం ఆట నేర్చుకొచ్చిన పిల్లలు తనకి పనికిరారని ఈవిడ గట్టిగా చెప్పింది. 1970ల చివర ఆ రాష్ట్రం ఐదుగురి ఆటకి మారింది. ఒక పాయింటుతో ఓడిన మ్యాచ్ కంటే, గెలిచిన ఫైనల్ కంటే నాకు ఇది పెద్ద విషయం. నీ వ్యాసంలో దీనికి చోటే లేదు. ఆవిడ "ఉక్కు చూపు" కి మాత్రం అర పేజీ ఇచ్చావు. ఆ చూపు గురించి అందరూ రాశారు.

ఇక పొలం సంగతి. "రైతు కుటుంబంలో పుట్టి" అని మూడు మాటల్లో దాటేశావు. వాళ్లది పొగాకు పొలమమ్మా! ఆవులు పిండేది, గడ్డి మోపులు కట్టేది, పొగాకు నరికేది. పని అయ్యాక గడ్డివాము అటక మీద అన్నలతో బాస్కెట్‌బాల్. నేను కందుకూరు దగ్గర పొగాకు ఊళ్లో పెరిగినదాన్ని. ఆకు కోసిన రోజు చేతులకి జిగురు పడితే అన్నం కలుపుకున్నా చేదే. తడి ఆకు పట్టుకున్న వాళ్లకి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో రాత్రుళ్లు మంట ఆరకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. వాళ్ల పద్ధతి వేరు, మొక్క మొదలంటా నరికి కర్రకి గుచ్చుతారు, మనం ఆకు ఆకు కోస్తాం. ఏ పద్ధతైనా పొగాకు పనిలో పెరిగిన పిల్లకి ప్రాక్టీసులో అలిసిపోయానని ఎవరైనా అంటే ఎలా వినిపిస్తుందో ఊహించు. నువ్వుంటున్నది నాక్స్‌విల్‌లోనే. ఒక శనివారం కారేసుకుని నాష్‌విల్ దాటి హెన్రియెట్టా వైపు పో. క్లార్క్స్‌విల్‌లో ఆడపిల్లలకి టీమ్ లేదని, ఈ పిల్ల ఆడాలని ఆ తండ్రి కుటుంబాన్ని అక్కడికి మార్చాడు. ఆ దారి చూడకుండా ఆ వాక్యం రాయకు.

సంపాదకులు ఇలాంటివి ఉంచరని నువ్వు రాశావు. ఉంచరు. ఎన్నో ఏళ్ల కిందట ఒక హైస్కూలు పి.ఇ.టి. మేడం మీద ఆదివారం అనుబంధానికి రాశాను. బంతులకి గాలి తనే కొట్టేది, పిల్లల బస్సు చార్జీలు తన జీతంలోంచి పెట్టేది, టోర్నమెంటుకి పంపమని ఒక్కో తల్లినీ బతిమాలేది. అన్నీ రాశాను. అచ్చయ్యాక చూస్తే పంపూ లేదు, బస్సూ లేదు. "స్త్రీశక్తికి ప్రతిరూపం" అని పెద్ద శీర్షిక, నేను రాయని రెండు కవితా పంక్తులు. హెడ్మాస్టరు పేరు కూడా స్థలం చాలక ఎగిరిపోయింది. మేడం ఫోన్ చేసింది థాంక్స్ చెప్పడానికి కాదు. "మా సారు పేరు వెయ్యలేదేంటండీ? గ్రౌండు గేటు తాళం ఇవ్వడం మానేశారు" అని. ఆ సంపాదకుడు తర్వాత ఒక సభలో కనపడి, వ్యాసం చాలా స్ఫూర్తిదాయకంగా ఉందన్నాడు. పారితోషికం మాత్రం ఇప్పటికీ రాలేదు. ఇప్పుడాయన లేడు, ఆయన శిష్యులు అన్నిచోట్లా ఉన్నారు. విజయానికి ఏడు సూత్రాలు, పది సూత్రాలు అని వాళ్లే అచ్చేస్తున్నారు. నీ చివరి పేజీలో సూత్రాల పట్టిక చూసి నాకు ఆయనే గుర్తొచ్చాడు. తీసెయ్.

వరస ఎందుకంటున్నానో నీ వ్యాసంలోంచే చూపిస్తాను. 1990లో నిండు గర్భంతో ఒక అమ్మాయిని టీమ్‌లోకి అడగడానికి ఆవిడ పెన్సిల్వేనియా వెళ్లడం, అక్కడే ఉమ్మనీరు పోవడం, విమానంలో తిరిగొస్తుంటే పైలట్లు వర్జీనియాలో దింపుతామంటే ఒప్పుకోకపోవడం, బిడ్డ నాక్స్‌విల్‌లోనే పుట్టడం. దీన్ని నువ్వు "సొంత గడ్డపై మమకారం" అని రాశావు. కాదు! ఆ వసంతంలోనే వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు అదనపు సమయంలో ఈవిడ టీమ్‌ని ఓడించారు. ఆ ఏడు ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు టీముల పోటీ, జరిగింది ఎక్కడనుకున్నావ్? నాక్స్‌విల్‌లో. సొంత ఊళ్లో పండగ, ఇంటివాళ్లకే పిలుపు లేదు. ఆ మంట మీదున్న మనిషి వర్జీనియాలో కంటుందా? నువ్వు విమానాన్ని ఐదో పేజీలో, ఓటమిని తొమ్మిదో పేజీలో పెట్టావు. పాఠకుడు నవ్వాల్సిన చోట తల ఊపి ఊరుకుంటాడు. ఆ పెన్సిల్వేనియా అమ్మాయి, మిషెల్ మార్సినియాక్, ముందు నాటర్ డేమ్ యూనివర్సిటీకి వెళ్లి, తర్వాత టెనెసీకి మారి, 1996 టైటిల్ గెలిపించింది. వరసలో పెడితే ఇదే ఒక చిన్న కథ.

ఓటముల దగ్గర నీకు చెయ్యి వణికింది. 208 మ్యాచ్‌లు ఓడింది ఆవిడ. 1987కి ముందు ఏడుసార్లు చివరి నాలుగు టీముల్లోకి వచ్చి ఏడుసార్లూ ఉత్త చేతులతో ఇంటికెళ్లింది. ఉద్యోగంలో చేరి పదమూడేళ్లు. మంచి కోచే గానీ చివర్లో గెలవలేదు అనే మాట ఎంతమంది నోట విని ఉంటుందో. నువ్వు ఆ పదమూడేళ్లనీ "ఎన్నో ఆటుపోట్ల తర్వాత" అని సరిపెట్టావు. 1998 సీజన్‌కి మాత్రం రెండు పేజీలు. 39 మ్యాచ్‌లు, 39 గెలుపులు, గొప్పే. అంతకు ముందేడు పది మ్యాచ్‌లు ఓడి కూడా టైటిల్ కొట్టారు. రాసేవాళ్లకి ఏ సీజన్ పండుతుందో నువ్వే ఆలోచించు. తర్వాత తొమ్మిదేళ్లు టైటిల్ లేదు. 2000లో, 2003లో, 2004లో ఫైనల్ దాకా వచ్చి మూడుసార్లూ కనెటికట్ యూనివర్సిటీ చేతిలోనే ఓడింది. వాళ్ల కోచ్ జీనో ఆరియెమ్మాకీ ఈవిడకీ పడేది కాదు. 2007లో వాళ్లతో సీజన్ మ్యాచ్‌లే మానేసింది. దాన్ని నువ్వు కప్పిపుచ్చావు, ఆవిడ గౌరవానికి భంగమని కాబోలు. అసలు పంతం లేని మనిషైతే మనకెందుకు?

ఇంకొకటి. ఆవిడ దగ్గర పూర్తి కాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ తెచ్చుకుంది. నీ పట్టికలో అది తొమ్మిదో సూత్రం. క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలని రూలు పెట్టిందని నీకు తెలిసుండి ఎందుకు రాయలేదు? కోర్టులో ఎత్తుగా, బలంగా ఉన్న పిల్లలు ముందు బల్లల్లో ఇరుక్కుని కూర్చున్న క్లాసు నాకు కళ్లకు కట్టింది, అది నీ నోట్సులో చదివాను, వ్యాసంలో కాదు.

జబ్బు సంగతి రాయొద్దని కాదు. దాని చోటు దానికుంది. 2011 వేసవి తర్వాత రాయి. బయటికి చెప్పాక కూడా ఇంకో సీజన్ బెంచీ మీద కూర్చుంది. రోజువారీ పని ఎక్కువగా హాలీ వార్లిక్ చూసుకుంది, ఆవిడ ఒకప్పుడు ఈమె దగ్గర ఆడిన పిల్లే. 27 గెలిచారు, 9 ఓడారు, బేలర్ యూనివర్సిటీ చేతిలో ఆట ముగిసింది. 2012 ఏప్రిల్లో తప్పుకుంది, 2016 జూన్‌లో 64 ఏళ్లకి పోయింది. ఇలా పొడిగా రాసినా చాలు. "విధి వక్రించింది" అనేది ఎక్కడా కనపడకూడదు.

అమెరికా కోచ్ గురించి తెలుగువాళ్లకెందుకు అని ఎవరో అన్నారని బాధపడ్డావు. ఆ అన్నవాళ్లు నీ వ్యాసం చదవరు, వదిలెయ్. పుస్తకంగా వెయ్యడం గురించీ, ముందుమాట గురించీ అడిగినవి తర్వాత చూద్దాం.

ఇప్పుడు మొత్తం తిరగరాయకు. 1974 నుంచి మొదలుపెట్టి, 1987లో ఆస్టిన్‌లో లూసియానా టెక్ మీద 67-44తో గెలిచిన దగ్గర ఆపి, అంతవరకే పంపు. ఆ రాత్రికి ఆవిడ దగ్గర ఉన్నది ఒక్క టైటిలే. ఇంకా ఏడు వస్తాయని రాశావో, తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ అత్త వరస