ఎనభయ్యో పుట్టినరోజుకు ఎర్ర పెట్టె

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ ఇంటి యజమానురాలి ఎనభయ్యో పుట్టినరోజుకు చెక్కడపు ఎర్ర లాకర్ పెట్టె, అంటే చెట్టు పాల పూత మీద బొమ్మలు చెక్కిన పెట్టె, ఇస్తానన్నావు. చాలా సంతోషం. బీజింగ్‌లో అంతకు మించిన కానుక దొరకదు. నేను అక్కడున్న రోజుల్లో తెలుసుకున్నవి రాస్తున్నాను.

ముందు బొమ్మ చూడు. అక్కడ శుభమంతా పలుకులో ఉంటుంది. గబ్బిలాన్నీ భాగ్యాన్నీ 'ఫూ' అనే పలుకుతారు. అందుకే మనం ఇంట్లోకొస్తే కంగారుపడే గబ్బిలం అక్కడ మూతల మీద రెక్కలు విప్పుకుని ఉంటుంది. అవి ఐదుంటే ఐదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, ధర్మం మీద ప్రేమ, సుఖమైన ముగింపు. మన పెద్దవాళ్లు కోరే అనాయాస మరణమే కదమ్మా అది! ఆవిడకు గబ్బిలాల మధ్య ఆయువును చెప్పే 'షౌ' అక్షరమో, పీచ్ పండో ఉన్నది తీసుకో. దానిమ్మ సంతానానికి, జంట బాతులు కొత్త దంపతులకు. అవి ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఇక పనితనం. ఈ పూత మన ఏటికొప్పాక బొమ్మల లక్క కాదు, చెట్టు పాలు. మామిడి, జీడిమామిడి కుటుంబపు చెట్టే. మామిడి సొనలాగే పచ్చిది ఒంటికి తగిలితే పొక్కుతుంది. ఇంగిలీకం అనే ఎర్ర రంగు పొడి కలిపి పల్చగా పూసి, తేమగాలిలో గట్టిపడనిచ్చి, మళ్లీ పూస్తారు. అలా పదుల పూతలు, మంచివాటికి వందకు పైనే. ఆ మందంలోనే కత్తితో పూలు తీస్తారు. చైనాను ఏలిన యోంగ్‌లె చక్రవర్తి కాలం (1403–1424) నాటి పనిని మ్యూజియంలో ఒకసారి తీరిగ్గా చూసి, ఆ తర్వాతే కొను.

చేతి చెక్కడమని నమ్మి నేను మొదట కొన్నది ప్లాస్టిక్ లాంటి రెసిన్‌ను మూసలో పోసి తీసిన అచ్చు. ఇంటికొచ్చాక మూత అంచున అతుకు గీత కనబడింది. చాలా రోజులు బాధపడ్డాను. ఒకే రకం పెట్టెలు రెండు పక్కపక్కన పెట్టించు. రేకుకు రేకు, గీతకు గీత సరిపోయాయా, అది అచ్చే.

చలికాలంలో గది వేడిచేసే గొట్టాల దగ్గర పెట్టొద్దని ఆవిడకు చెప్పు. పొడిగాలికి లోపలి కొయ్య ముడుచుకుని పూత చిట్లుతుంది. ఎండ కూడా పడదు. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

తెల్ల కాగితంలో చుట్టకు, ఎర్రది వాడు. రెండు చేతులా అందించు. ఒకటి రెండుసార్లు వద్దంటారు, మళ్లీ ఇవ్వు. నీ ఎదుట విప్పి చూడకపోవచ్చు, చిన్నబుచ్చుకోకు.

నీ పెదనాన్న